ఉమ్మడి పళ్లెం

బేరంలో నన్ను మించినవాడు, అరబ్బు దేశంలో మేం పనికొచ్చి ఉంటున్న ఈ మహబూలాలో లేడు. మా గదిలో అందరూ వంతులేసుకుని కలిసి వండుకుంటుంటే, "నా ఖర్చు నాది" అని విడిపోయి సొంతంగా వండుకున్నాను.

శుక్రవారాలు మాకు ఇంగ్లీషు చెప్పే గదిమిత్రుడు ఆ వారం టీమ్, ఫ్యామిలీ లాంటి మాటలు ఎత్తుకున్నాడు. గుంపులో ఎంతమంది ఉన్నా, కలిసికట్టుగా ఉంటే ఆ మాటను ఒకటిగా, ఏకవచనంలో చెప్పాలట. ఎవరికి వారైతే పలువురిగా.

"మన రూమ్ యా లెక్కన్నా?" అన్నాను.

"మేమంతా ఒకటే అబ్బీ. నువ్వు ఖలాస్ అని పక్కకు పోతివి గదా!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాళ్లు పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నారు. అమ్మిన సరుకు వాపసు లేదన్న బోర్డు కింద, మా నాన్న కొట్లో పెరిగినవాణ్ణి. నన్ను మళ్లీ కలుపుకోండని అడగలేకపోయాను.

బిల్లు ఇదీ: మిగిలింది కాస్త నూనె, బియ్యం. పోయింది, డ్యూటీ నుంచి రాగానే "తింటివా?" అని అడిగే మనుషులు.