తోమా తరవాతి అధ్యాయం

1967లో నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఒక అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుగా చేరాను. కంపోజిటర్లు సీసపు అక్షరాలు పేర్చి పేజీ కడితే, దాని నుంచి తీసిన ప్రూఫు కాగితంలో తప్పులు దిద్దడం నా పని. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని ఉద్యోగమని ఇష్టంగానే ఒప్పుకున్నాను.

మరుసటి ఏడాది యోహాను మాస్టారి పుస్తకం వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి, ఆబిడ్స్‌లో ఒక బడిలో పనిచేసి రిటైరైన మనిషి. యేసు శిష్యుడు తోమా మన దేశానికి వచ్చి బోధించి, మైలాపూరు దగ్గర బల్లెం పోటుకు చనిపోయాడని చెబుతారు. మాస్టారు ఆ కథంతా రాసి, చివరి అధ్యాయంలో తాను సెలవుల్లో మలబారు తీరం తిరిగి విన్నవి పెట్టారు. తోమాను తలుచుకునే ముసలివాళ్ల మాటలవి. అప్పటికి వాళ్లెవరూ లేరు. మాస్టారికీ చూపు పోతోంది.

“తోమా గారిని ఒక్క పోటుతో పంపేశారమ్మాయ్. నన్ను మీ ప్రెస్సు చుట్టూ తిప్పి చంపుతున్నారు,” అనేవారు.

చివరి అధ్యాయం పేజీలు కట్టి ఉండగా అచ్చుకు కాగితం అయిపోయింది. ఈలోగా పెళ్లిళ్లు వచ్చాయి, శుభలేఖలకు సీసపు అక్షరాలు చాలలేదు. ఫోర్‌మన్ యాదగిరి ఆ పేజీలు విప్పించి అక్షరాలను మళ్లీ గళ్లలో వేయించాడు. దిద్దడం పూర్తయిన ప్రూఫులనూ రాతప్రతినీ సిరా తుడవడానికి వాడటం మా దగ్గర అలవాటు. అవీ పోయాయి.

“అసలు కాపీ రాసినోళ్ల ఇంట్ల ఉంటది గదమ్మా. లగ్గాలోళ్లు నెత్తిమీద కూసున్రు, ఏం జెయ్యాలె?” అన్నాడు యాదగిరి.

మాస్టారి ఇంట్లో ఇంకో ప్రతి లేదు. విని ఆయన కోప్పడలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

“నాకు సగం గుర్తులేదు. నువ్వు మూడుసార్లు చదివావుగా, చెప్పమ్మాయ్. మళ్లీ రాసుకుందాం.”

ప్రూఫ్ రీడరు వరుస కింద స్కేలు పెట్టి ఒక్కో అక్షరమే చూడాలి. అర్థం వెంట పోతే కన్ను తప్పును దాటేస్తుందని మొదటి రోజే నేర్పారు. బాగానే నేర్చుకున్నాను. ‘పడవ’లో ఒక అక్షరం విరిగిందని చెప్పగలను. ఆ పడవ ఎవరిదో, అందులోని ముసలమ్మ ఏం చెప్పిందో తెలియదు.

“ఒక పడవ ఉందండీ,” అన్నాను.

“అవునమ్మా, ఉంది. తరవాత?”

నా దగ్గర తరవాత లేదు.

పుస్తకాన్ని తోమా మరణంతో ముగించి కుట్టారు. చివరి పేజీలో ఏముందో మాస్టారు నాచేత చదివించుకున్నారు.

“అయితే, చచ్చిపోయి ఊరుకున్నాడన్నమాట,” అన్నారు. మళ్లీ ప్రెస్సుకు రాలేదు.

ప్రూఫు దిద్దడమూ పుస్తకం చదవడమూ వేరువేరు పనులని అప్పుడు తెలిసింది. రిటైరయ్యేదాకా ప్రతి పుస్తకాన్నీ భోజనం వేళ, స్కేలు తీసేసి, ఇంకోసారి చదివాను. వాటిలో ఏదీ పోలేదు. తరవాత ఏముందని నన్నెవరూ అడగనూ లేదు.