వెనక సీట్లో నిద్రపోయే మనిషి

మా ఆయన నిద్రపోయినందుకు జనం డబ్బులిచ్చేవారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ నిజం.

ఆయన కార్ల మెకానిక్కు. ఇరవై ఎనిమిదేళ్ళు అదే షెడ్డు, అదే నూనె మరకల చొక్కా. చివరి పదేళ్ళలో మరమ్మతుల కంటే మరో పని ఎక్కువైంది. ఎవరైనా వాడిన పెద్ద కారు కొనాలనుకుంటే ముందు ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆయన కింద, పైన, లోపల అన్నీ చూసి, ఆఖరికి వెనక సీట్లో చేరగిలబడి, "కాస్త అలా తిప్పుకురా" అని కళ్ళు మూసుకునేవాడు. ఇంజను చప్పుడు వింటున్నాడు కాబోలని కొనేవాళ్ళు ఊపిరి బిగబట్టేవారు. పక్కన కూర్చున్న నాకు తెలుసు, హాయిగా నిద్రపోయేవాడు. గురక రాకుండా మోచేత్తో పొడవడం నా పని. నిద్ర పట్టిందంటే బండి మంచిది. పట్టలేదంటే ఎక్కడో ఏదో కొట్టుకుంటోందన్నమాట.

"అంత డబ్బు పోసి పెద్ద కారు కొనేదే ఒళ్ళు తెలియకుండా పోవడానికి. నా నడుం నాకు గుర్తొస్తోందంటే ఆ బండి దండగ" అనేవాడు.

నన్నెందుకు తీసుకెళ్ళేవాడంటే, ముక్కు కోసం. కుర్రతనం నుంచీ పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగీ లాగీ ఆయన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. కూర మాడినా తెలిసేది కాదు. వంటకు వంక పెట్టని మొగుడు దొరికాడని మా వాళ్ళంతా మురిసిపోయేవారు. ఆ గుట్టు నేనెప్పుడూ విప్పలేదు. కార్లో తడి వాసన, కాలిన వైరు వాసన, ఏసీలోంచి బూజు వాసన వస్తే చెప్పాల్సింది నేను. అమ్మేవాళ్ళకు అదేం తెలుసు. "మేడమ్‌గారికి రంగు నచ్చిందా" అని అడిగేవారు. నచ్చిందనేదాన్ని.

పెళ్ళికైనా ఆసుపత్రికైనా గంట ఆలస్యంగా బయల్దేరే మనిషి, కారు చూడ్డానికి మాత్రం చెప్పిన టైముకు గంట ముందే పోయేవాడు. పోగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు. వెచ్చగా ఉంటే, "జ్వరమొచ్చినట్టుంది, తగ్గాక వస్తాం" అని వెనక్కి తిరిగేవాడు. ముందే స్టార్టు చేసి వేడెక్కిస్తే, చల్లటి ఇంజను పెట్టే రొదా, వదిలే పొగా బయటపడవు కదా. జేబులో నా పాత జాకెట్టు గుడ్డ చుట్టిన అయస్కాంతం ఉండేది. గుద్దుకున్నచోట పుట్టీ మెత్తి రంగేస్తే అది అతుక్కోదు. అన్నీ తెలిసినట్టు చెబుతున్నాను గానీ, మొదట్లో ఒకసారి ఓ మంచి బండి బానెట్‌కి అయస్కాంతం అతుక్కోలేదని దాని యజమానిని నానా మాటలూ అని వచ్చాడు. కొన్ని పెద్ద కార్ల బానెట్లు అల్యూమినియంవని తర్వాత తెలిసింది. మళ్ళీ ఆ వీధిలోంచి పోలేదు. చుట్టు తిరిగి పోయేవాడు.

పోయినేడాది వానలకు ముందు ఆయన పోయాడు. ఇంట్లోనే, కుర్చీలో, పేపరు చదువుతూ. నిద్రపోతున్నాడనుకుని నేను ఫ్యాను పెంచాను. ఆ తర్వాత, మా ఇంట్లో నిద్రంతా ఆయన వాటాయేనేమో అన్నట్టు, నాకు మిగల్లేదు.

ఐదు నెలలకు మా తమ్ముడొచ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కార్లు తోలుతున్నవాడు. ఒకటో తారీఖుకల్లా సొంతంగా పెద్ద సెడాను తెచ్చుకుంటే, విమానం దిగే అతిథులను తీసుకొచ్చే పని ఇస్తామని ఒక హోటలువాళ్ళు అన్నారట. ఇంకా పన్నెండు రోజులుంది. వాడి దగ్గరున్నది ఒక్క పాత బండికి సరిపోతుంది. అది తేడా కొడితే చచ్చేదాకా పరాయి స్టీరింగే.

"బావ ఉంటే బావని తీసుకెళ్ళేవాణ్ణి" అన్నాడు.

"బావ లేడు కదరా."

"ముక్కు ఉంది కదక్కా."

మర్నాడు వెళ్ళాం. కారు నల్లగా నిగనిగలాడుతోంది. వాడు దాన్ని చూసిన చూపులో సగం ఇంట్లో చూపించి ఉంటే మా మరదలికి అంత కోపం ఉండేది కాదు. బ్రోకరు తలుపు తీయగానే సెంటు వాసన గుప్పుమంది.

"ఒక్క చేతి బండమ్మా. డాక్టరుగారిది. ఆదివారం తప్ప బయటికి తీయలేదు."

మీటరులో ముప్పై వేల కిలోమీటర్లు ఉన్నాయి. బ్రేకు పెడల్ మీది రబ్బరు మాత్రం బోడిగుండులా నున్నగా అరిగిపోయింది.

"ఆదివారాలు దీని మీద నిలబడి డాన్సు చేసేవాడా బాబూ? రెండో తాళం ఏది?"

"ఇంట్లో ఉందమ్మా, తర్వాత ఇస్తారు."

"సర్వీసు కాగితాలు?"

"అవీ ఇంట్లోనే."

"పాపం, కారునొక్కదాన్నే బయటికి తరిమేశారన్నమాట."

తమ్ముడు నా చెయ్యి గిల్లాడు. "రేటు తగ్గిస్తానన్నాడక్కా, ఊరుకో."

ఊరికే ఎవడూ సెంటు కొట్టుకోడని మా ఆయన అనేవాడు, ఏ వాసనా తెలియని మనిషి. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని బెల్టు లాగాను. పైకి కనిపించేదంతా శుభ్రంగా ఉంది. ఇంకా లాగాను. లోపల చుట్టుకుని ఉన్న ఆఖరి మూరెడు మట్టి రంగులో బిరుసెక్కి ఉంది. ఒళ్ళో ఎండు బురద రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నిలవనీటి కంపు. పైన పటారం, లోన లొటారం.

"డాక్టరుగారు ఆదివారాలు దీన్ని ఈతకు తీసుకెళ్ళేవాడనుకుంటా" అన్నాను.

బ్రోకరు ఫోనొచ్చినట్టు పక్కకి పోయాడు. ఫోను మోగలేదు.

దారిపొడుగునా తమ్ముడు మూతి ముడుచుకునే ఉన్నాడు. "కాస్త తడిసిందే అనుకో. ఆరలేదా?"

"సీట్ల కింద ఉండే వైర్లూ పెట్టెలూ ఆరవురా, కుళ్ళుతాయి. అతిథులు ఎక్కాక దారిలో ఆగిపోతే, దిగి చేపలు పట్టుకోమంటావా?"

"బావలాగే మాట్లాడుతున్నావు" అన్నాడు కోపంగా. నాకేం కోపం రాలేదు.

తర్వాతి రోజుల్లో ఇంకో నాలుగు బండ్ల కోసం తిరిగాం. ఒకదానికి జ్వరం. ఒకదానికి తలుపు దగ్గర అయస్కాంతం జారి కాలి మీద పడింది. మరొకటి స్ప్రింగులకు బదులు గాలి సంచుల మీద నిలబడే బండి. పొద్దున్నే వెళ్ళేసరికి ఒక పక్కకి ఒరిగిపోయి, అలిగిన అత్తగారిలా కూర్చుని ఉంది. ఆ సంచులు మార్పించే ఖర్చుకు మా తమ్ముడు తిరిగి డ్రైవరు పనికే పోవాలి. ఇక నాలుగోదాన్ని చూపించాల్సినవాడు మేం గంట ముందొచ్చామని తెలిసి గేటే తీయలేదు.

మూడు రోజులు మిగిలాయి. వాడు తిండి మానేశాడు. ఎవరో చెబితే, రిటైరైన ఒక ఇంజనీరుగారింటికి వెళ్ళాం. బూడిద రంగు కారు. పెద్దాయన గుమ్మంలోంచే, "కొంటే కొనండి, తలుపులు మాత్రం బాదకండి" అన్నాడు. బానెట్ చల్లగా ఉంది. తాళాలు రెండూ ఒకే దారానికి కట్టి ఉన్నాయి. సర్వీసు కాగితాలు ఏడాది ప్రకారం కుట్టి పెట్టాడు. చిన్న బల్బు మార్చిన రసీదు కూడా అందులో ఉంది.

"ఎడమ తలుపు రంగేయించింది. గేటుకు నేనే గీశాను. మా ఆవిడ రోజూ గుర్తుచేస్తుంది, మీరు కష్టపడి వెతకక్కర్లేదు."

తమ్ముడు బానెట్‌కి అయస్కాంతం పెట్టాడు. జారిపోయింది. వాడు విసురుగా పెద్దాయన వైపు తిరిగాడు.

"అల్యూమినియంరా. నోరు జారకు. మీ బావ ఒక వీధి పోగొట్టుకున్నాడు."

బెల్టులు కొస దాకా లాగాను, తివాచీ ఎత్తి వాసన చూశాను. పాత తోలు, పెప్పర్మెంటు బిళ్ళలు. అంతే. వెనక సీట్లో ఎడమ పక్కన, నా చోట్లో, కూర్చున్నాను.

"కాస్త అలా తిప్పుకురా" అన్నాను.

పెద్దాయన ముందు కూర్చుని తమ్ముడి బ్రేకుకు వంకలు పెడుతున్నాడు. ఎక్కడ ఏం కొట్టుకుంటుందోనని చెవులు రిక్కించాను. మొదటి మలుపు గుర్తుంది. గతుకుల రోడ్డు మొదలవ్వడం గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి కారు ఆ ఇంటి ముందే ఆగి ఉంది. ఇద్దరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు.

"ఎంతసేపయింది?"

"గంటంబావు" అన్నాడు తమ్ముడు. "లేపబుద్ధి కాలేదక్కా. ఊరంతా తిప్పాను."

"పెట్రోలు నాది" అన్నాడు పెద్దాయన. "ఇంతకీ బండి సంగతి ఎప్పుడు తేలుస్తారమ్మా?"

"తేలిపోయిందండీ. తీసుకుంటున్నాం" అన్నాడు వాడు.

కొంగుతో నోరు తుడుచుకున్నాను. "గురక పెట్టానా?"

ఇద్దరూ కిటికీలోంచి అటూ ఇటూ చూశారు.

"మరి మోచేత్తో ఓ పోటు పొడవద్దట్రా" అన్నాను.