జానెడు గట్టు

మన పట్టణానికి నూరేళ్లు నిండిన సందర్భంగా వేస్తున్న సంచికకు, ఈ ఊరు బతకడానికి ఎందుకు బాగుంటుందో రెండు పేజీలు రాసిమ్మని పురపాలక సంఘం వారు నన్ను అడిగారు. నా చదువు పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆగింది. అయినా నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. గీతల్లేని కాగితం మీద కూడా వరస తప్పకుండా రాస్తాను. అడిగారు కాబట్టి రాస్తున్నాను.

నేను తాపీ మేస్త్రిని. పంతొమ్మిదో ఏట ఈ ఊరు వచ్చాను. బస్టాండులో గచ్చు నేను చేసిందే. నలభై ఏళ్లయినా ఎక్కడా పగుల్లేదు. పెద్దాసుపత్రి మెట్లు, ఆడపిల్లల బడి ప్రహరీ, నీళ్ల ట్యాంకు కింది దిమ్మె నా చేతి మీద లేచినవే. గోడ వరస చూసుకోవడానికి జేబులో ఎప్పుడూ దారపుండ ఉంటుంది కనుక అందరూ దారం మేస్త్రి అంటారు. అసలు పేరు చెబితే మా వీధిలోనే సగం మంది ఆయనెవరని అడుగుతారు.

అన్నిటికంటే పెద్ద పని ఫుట్‌పాత్‌లు. పదకొండు కిలోమీటర్లు. ఇరవై ఆరేళ్ల కిందటి వానలకు వీధులన్నీ వాగులై ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మంచం మీద మంచం వేసుకుని కూర్చున్నాం. ఆ మరుసటి ఏడాది ఫుట్‌పాత్‌లు వేయించినప్పుడు అప్పటి ఇంజనీరు రోడ్డు మీంచి గట్టు ఎత్తు ఆరంగుళాలు చాలన్నాడు. చాలదన్నాను. జానెడు, అంటే తొమ్మిది అంగుళాలు ఉండి తీరాలని కాగితం మీద రాసిచ్చాను. ఆయన వారం రోజులు నానబెట్టి చివరికి సరేనన్నాడు. ఆ తర్వాత ఈ ఊళ్లో ఏ ఇంటి గడపా వాననీటికి మునగలేదు. సంఘం హాల్లో నా ఫోటో ఉంది.

రెండేళ్ల కిందట రాయమని ఉంటే ఇంతటితో ముగించేవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ సంగతి కూడా రాయాలి.

మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, బట్టలు కుట్టే కొట్టు ఉంది. కొట్టు నడిపే ఆవిడ మా ఆవిడను అక్కా అంటుంది. ఆ లెక్కన నన్ను బావగారూ అంటుంది, ఆ చనువుతో నోటికొచ్చినదల్లా అంటుంది. ఇరవై రెండేళ్లుగా రోజూ నాలుగింటికి మా ఆవిడ ఆ కొట్టుకు వెళ్లి, తలుపు పక్క ముక్కాలిపీట మీద కూర్చుని, ఆరింటిదాకా చొక్కాలకు కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. ఇంట్లో తను మాట్లాడే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొట్లో మాత్రం ఆమె నవ్వు మా గేటు దాకా వినిపించేది. దేనికంత నవ్వని నేను ఎన్నడూ అడగలేదు.

నిరుడు ఒక ఉదయం ఆమె చేతిలోంచి పాలగిన్నె జారింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. ఆసుపత్రిలో నలభై రోజులు ఉన్నాం. నేను కట్టిన మెట్ల మీదుగానే ఆమెను నలుగురు మోసుకుని పైకి తీసుకెళ్లారు. ఇంటికొచ్చాక కుడిచేత్తో నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని నడవడం నేర్చుకుంది. మొదటి నెల వంటింటి దాకా. రెండో నెల వరండా దాకా. మూడో నెలలో ఒకరోజు నాలుగింటికి గేటు దాటి ఫుట్‌పాత్ మీదికి వచ్చింది. అంచు దగ్గర ఆగింది.

స్టాండు ముందుకాళ్లు రోడ్డు మీదికి దించబోతే మనిషి మొత్తం ముందుకు తూలింది. వెనక నుంచి పట్టుకున్నాను.

"అక్కా, ఉండుండు, నేనొస్తున్నా!" అంటూ కుట్టావిడ చేతిలో కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఎత్తుకుని దించేస్తాను, ఎంతసేపు!" అన్నాను.

"సిమెంటు బస్తానా నేను?" అంది మా ఆవిడ. "వీధి వీధంతా చూస్తుంటే మీ చంకనెక్కి వెళ్లాలా?"

"పెళ్లయిన కొత్తలో ఎక్కలేదా ఏం అక్కా?"

"అప్పుడు ఈయనకి నడుముండేది."

కుట్టావిడ పకపకా నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. "నా కాళ్ల మీద నేను వెళ్తే వెళ్తాను. లేకపోతే లేదు," అని స్టాండు వెనక్కి తిప్పుకుంది.

మర్నాడు కుట్టావిడ చొక్కాలు మా ఇంటికే తెచ్చిచ్చింది. మా ఆవిడ ఒక్క గుండీ వేసి పక్కన పెట్టేసింది. "ఇక్కడ కూర్చుని ఏం చూస్తూ కుట్టను? ఈ గోడనా?" అంది. ఆ గోడ నేను కట్టిందే. దారానికి గుండు కట్టి వేలాడేసి చూస్తే ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. ఆ తర్వాత తను గేటు దాకా రావడం కూడా మానేసింది. నడవకపోతే ఉన్న శక్తి కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమెకు చెప్పాను. విన్నది.

ఒకరోజు కుట్టావిడ నన్ను గేటు దగ్గరికి పిలిచింది. నవ్వు లేదు మొహంలో. "బావగారూ, అక్క పీట ఉన్న చోట కాజాల మిషను పెడతానని మా అల్లుడు గొడవ చేస్తున్నాడు. నెలాఖరు దాకా ఆగమన్నాను. ఆ తర్వాత నా మాట చెల్లదు."

నెలాఖరుకు పన్నెండు రోజులుంది. గట్టుకు చెక్క వాల్చి చూశాను, స్టాండు కాళ్లు జారాయి. ఇటుకలు పేర్చాను, పొద్దున్నే ఊడ్చేవాళ్లు ఎత్తుకెళ్లారు. సంఘం ఆఫీసుకు వెళ్లాను.

ఇప్పుడున్న ఇంజనీరు మా మనవరాలి వయసు పిల్ల. నేను చెప్పిందంతా విని, బీరువాలోంచి పాత ఫైలు తీసి నా ముందు పెట్టింది. పైన నా కాగితం ఉంది. గట్టు తొమ్మిది అంగుళాలకు తగ్గరాదు, ఇకముందు ఎవరు వచ్చి అడిగినా తగ్గించరాదు, అని.

"ఈ చేతిరాత మీదేనా తాతగారూ?"

"నాదే."

"ఎవరు వచ్చి అడిగినా అన్నదాని కింద రెండు గీతలు కూడా గీశారు."

"గీశాను."

"దీని మీదే సంఘం తీర్మానం చేసింది. మార్చాలంటే ఇంకో తీర్మానం కావాలి. ఎనిమిది నెలలు పట్టొచ్చు."

"రాసినవాణ్ణే వచ్చి అడుగుతున్నాను కదమ్మా."

"ఆ ఎవరులో మీరూ ఉన్నారు తాతగారూ," అంది. ఎగతాళిగా అనలేదు. మంచినీళ్లు తెప్పించింది. తాగాను.

నడిచే వచ్చాను. ఆఫీసు నుంచి మా ఇంటికి ఏడు చోట్ల దిగాలి, ఏడు చోట్ల ఎక్కాలి. అన్నేళ్లలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. చక్రాల బండిలో బిడ్డను తోసుకుంటూ ఒకావిడ రోడ్డు మీదే వెళ్తోంది. చంకకర్రలతో ఒకాయన లారీల పక్క నుంచే నడుస్తున్నాడు. ఇలాంటివాళ్లను ఇరవై ఐదేళ్లుగా చూస్తున్నాను. ఫుట్‌పాత్ వేసింది ఎవరికోసమయ్యా అని కేకలేసేవాణ్ణి కూడా. ఆ రోజు ఏమీ అనలేదు. సిగ్గేసిందా అంటే అదీ లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది.

మర్నాడు పొద్దున పదింటికి ఉలి, సుత్తి, దారం తీసుకుని మా గేటు ముందు కూర్చున్నాను. ఒక అంగుళం దిగడానికి అడుగు పొడవు కావాలి. తొమ్మిది అంగుళాలకు తొమ్మిది అడుగుల వాలు. ఫుట్‌పాత్ అంత వెడల్పు లేదు కనుక పొడవునా వాల్చాలి. అప్పట్లో సిమెంటు మాలు గట్టిగా కలిపాను. రెండు ఉలులు మొండిబారాయి. గంటలో పదిమంది చేరారు.

"దారం మేస్త్రికి మతి పోయిందిరోయ్," అన్నాడు పేపర్లు వేసే ఆయన.

"ఉందో పోయిందో తర్వాత చూద్దువుగాని, ముందు పక్కకు జరుగు. నీ నీడ పడుతోంది," అన్నాను.

ఎవరో ఆఫీసుకు ఫోను చేసినట్టున్నారు, ఇంజనీరు పిల్ల స్కూటరు మీద వచ్చింది. పగిలిన పెళ్లలను కాలితో పక్కకు నెట్టి వంగి చూసింది.

"వాలు ఎంత పెడుతున్నారు?"

"అడుగుకి అంగుళం."

వాలు కొలిచే నా రసమట్టం తీసుకుని తనే పెట్టి చూసింది. "నేనివాళ ఇటు రాలేదు. అవతలి వైపు ఎప్పుడు?"

"మూడు రోజుల్లో."

"ఆ రోజు కూడా ఇటు రాను. ఇంకో అర్జీ రాసివ్వండి. ఈసారి ఎవరు వచ్చి అడిగినా అని మాత్రం రాయకండి."

అవతలి వైపు మొదలుపెట్టే ముందు కుట్టావిడకు చెప్పాను, "వానొస్తే నీళ్లు నీ కొట్లోకే వస్తాయమ్మా" అని.

"రానివ్వండి, చీపురుంది. అక్క రాకపోతే ఆ పీట మీద ఎవర్ని కూర్చోబెట్టను, మిమ్మల్నా? పేరుకే దారం మేస్త్రి. సూదిలోకి ఎక్కించడం వచ్చా?"

"రాదు," అన్నాను.

సిమెంటు గరుకుగా తేల్చి, మూడు రోజులు నీళ్లు పెట్టి, నెలాఖరుకు ఒక్క రోజు ముందు మా ఆవిడతో చెప్పాను. "వాలు చేశాను. వెళ్తావా?"

"జారదా?"

"జారదు."

నాలుగింటికి బయల్దేరింది. వాలు దిగడానికి ఇరవై మూడు అడుగులు వేసింది. రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తి బస్సును ఆపాను. అవతలి వాలు ఎక్కింది. ముక్కాలిపీట మీద కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

కాజాల మిషను ఎలాగూ వచ్చింది, వెనక గోడకు వేశారు. కాజాలన్నీ అదే కుడుతుంది. గుండీలు మా ఆవిడవి. ఎడమ చెయ్యి బట్టను పట్టదు కనుక చల్లారిన ఇస్త్రీపెట్టె బరువు పెట్టి కుడుతుంది. ఆ రోజు రెండు గంటల్లో నాలుగు గుండీలు వేసింది. ఇదివరకు నలభై వేసేది. ఐదున్నరకు కాబోలు, నవ్వు వినిపించింది. నాకు సంతోషం కలగాలి. గేటు పట్టుకుని కాసేపు చూశాను. ఏమీ కలగలేదు. ఉలులు కడిగి లోపల పెట్టుకున్నాను.

నిన్న పెద్ద వాన కురిసింది. వాలు మీదుగా నీళ్లు గేటులోంచి వరండా ఎక్కి ముందుగదిలోకి వచ్చాయి. ఇరవై ఆరేళ్లలో ఈ ఊళ్లో వాననీళ్లు దూరిన మొదటి ఇల్లు దారం మేస్త్రిది. మా ఆవిడ మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని నీళ్లకేసి చూస్తూ అడిగింది.

"మళ్లీ గట్టు కట్టేస్తారా?"

"లేదు. గేటు లోపల చిన్న కాలువ తవ్వుతాను."

"అయితే సరే."

సంచిక వారు నా ఫోటో కింద పదకొండు కిలోమీటర్లు అని వేస్తామన్నారు. వేయండి. రెండు చోట్ల కోసినట్టు కూడా వేయండి. ఊరు బతకడానికి ఎందుకు బాగుంటుందని అడిగితే నాకు తెలిసింది ఇంతే. ఇంకా రాయాలని ఉంది గాని ఇప్పుడు నాలుగున్నర. ఆరింటికి ఆమె తిరిగొస్తుంది. ముందుగదిలో బురద అలాగే ఉంది, వెళ్లేటప్పుడు గోనెసంచులు పరిచి దాటించాను. స్టాండు జారకుండా ఈలోగా తుడవాలి.