పగిలిన చేతులకు వాడంతా వైద్యులే

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. చదవడం వచ్చాక నాకు బాగా విసుగు పుట్టించినవి పత్రికల్లో చర్మం గురించి రాసే పేజీలు. మీగడ రాయండి, తేనె పూయండి, శనగపిండి పట్టించండి అంటారు. రాయండి, పూయండి తప్ప ఇంకో మాట ఉండదు. ఆ రాసుకున్న మనిషి పొద్దున్నే లేచి ఆ చేతులతో ఏ పని చేస్తుందో ఒక్కరూ అడగరు. ఒక చలికాలం నా చేతులు నన్ను పనిలోంచి వెళ్లగొట్టబోయాయి. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. మాదన్నపేటలో ఒకే వాకిలి చుట్టూ ఆరిళ్లున్న చోట మేం ఉండేవాళ్లం. ఇంట్లో ముగ్గురం: నేను, నా భర్త, మా అత్త. ఆయన ఒక సర్కారు కచేరీలో చప్రాసీ. నేను పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఒక పెద్దావిడ ఇంట్లో జరీపని చేసేదాన్ని. ఆమెను అందరం పిన్నిని పిలిచినట్టు ఖాలా అని పిలిచేవాళ్లం. పెళ్లి దుపట్టాలు ఆమె దగ్గరికి వచ్చేవి. చెక్క చట్రానికి పట్టుగుడ్డ బిగించి, చుట్టూ నలుగురు ఆడవాళ్లం నేల మీద కూర్చుని కుట్టేవాళ్లం. ఇంట్లో గిన్నెలు, పొయ్యి, అత్త మోకాళ్ల నొప్పి తప్ప మరొకటి కనిపించని నాకు ఆ చట్రం ముందు చోటు అంటే ప్రాణం. ఆ చోటు కోసం గల్లీ చివర ఒకావిడ కాచుకుని ఉందని కూడా తెలుసు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున పనికి కూర్చునే ముందు ఖాలా ఒక తెల్ల పట్టుముక్కను బిగువుగా చాపి పట్టుకునేది. మేం ఒక్కొక్కరం అరచేతిని దాని మీద మెల్లగా జరపాలి. నున్నగా జారితే కూర్చోవచ్చు. ఎక్కడైనా పోగు తగులుకుంటే ఆ రోజుకు ఇంటికి పోవాల్సిందే. పట్టులో పోగు ఒకసారి లేచిందంటే దాన్ని మళ్లీ పడుకోబెట్టడం ఎవరి తరమూ కాదు. అలాగని నూనె చేతితో వచ్చినా కుదరదు, మరక పడుతుంది. పొడిగా ఉండాలి, నున్నగానూ ఉండాలి.

ఆ ఏడు చలి ముదిరేసరికి నా చేతులు పగిలాయి. పొద్దున్నే చన్నీళ్లలో బూడిద, ఇటుకపొడి వేసి ఇత్తడి గిన్నెలు తోమితే పగలక ఏమవుతాయి? ఒకే వారంలో రెండుసార్లు పట్టు తగులుకుంది. రెండుసార్లూ తలవంచుకుని ఇంటికి వచ్చాను. అంతే, వాకిట్లో ఉన్నవాళ్లంతా వైద్యులైపోయారు.

"ఏందే గీ చేతులు, మొసలి తోలు లెక్క! నిమ్మకాయ రుద్దు" అంది ఎదురింటామె. రుద్దాను. పగుళ్లలో పులుపు దిగి కళ్లలో నీళ్లు తిరిగాయి. పగిలిన చర్మానికి నిమ్మకాయ చెప్పేవాళ్లను మొదట తమ చేతికి రుద్దుకొమ్మనాలి.

"మీగడ రాస్కో పిల్లా" అంది ఇంకొకామె. తెల్లారేసరికి చేతుల నిండా చీమలు. ఆముదం ఒకరు, వేన్నీళ్లలో ఉప్పు ఒకరు. ఎవరూ ఊరుకోలేదు. చివరికి పక్కింటి అవ్వ వచ్చింది.

"నువ్వుల నూనెల పసుపు కలిపి పట్టియ్యి. మూడు పూటల్ల పగుళ్లు మాయం. నా మాట ఇను బిడ్డా, పసుపును మించింది ఉన్నదా?"

నిజమే, ఆ మందుకు చేతులు మెత్తబడ్డాయి. పొద్దున శనగపిండితో కడుక్కుని పోయి ఖాలా పట్టుముక్క మీద అరచేయి జరిపితే నున్నగా జారింది. నాకు గర్వం కూడా వచ్చింది. మధ్యాహ్నం ఎండకు గది వెచ్చబడింది, చేతులకు చెమట పట్టింది. పగుళ్ల సందుల్లో దాక్కున్న పసుపు బయటికి వచ్చింది. చూసుకునేసరికి పాలరంగు దుపట్టా అంచున నా బొటనవేలి గుర్తు పచ్చగా పడి ఉంది.

నేను అక్కడితో ఆగితే బాగుండేది. ఖాలా నమాజుకు లేచినప్పుడు సబ్బు తడిపి ఆ మరక మీద రుద్దాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని రోజూ బట్టలుతికే నాకు తెలియదా? తెలుసు. భయంలో ఆ తెలివి ఎక్కడికి పోయిందో! మరక పాన్ ఉమ్మినట్టు ఎర్రగా తేలింది.

ఖాలా వచ్చి చూసింది. "అరే అల్లా! హల్దీ పూస్కొని పట్టు కాడ కూసుంటారా ఎవరన్న? పైకెల్లి సాబన్ కూడ పెట్టినవా? అక్కల్ ఉన్నదా లేదా నీకు?"

"తప్పయింది ఖాలా. అవ్వ చెప్పింది..."

"అవ్వ చెప్తే బాయిల దుంకుతవా?"

ఆమె ఆ మరకను తడిగుడ్డతో అద్దింది, ఆరనిచ్చింది, మిగిలిన దాని మీద చిన్న జరీ పువ్వు కుట్టింది. ఒక అంచునే పువ్వుంటే బాగుండదని రెండో అంచునా ఒకటి కుట్టింది. నన్ను సూది ముట్టనివ్వలేదు. చీకటి పడకముందే పని ముగించి నా వైపు తిరిగింది.

"ఎనిమిది రోజులు రాకు. తొమ్మిదో రోజు వచ్చి చెయ్యి చూపియ్యి. జారిందా, నీ జాగ నీదే. పట్టుకున్నదా, గల్లీ కొసకు ఉన్నామెను కూసోబెడత. మల్ల నా మీద ఏడువొద్దు."

అలా తిట్టి, నేను వెళ్లేటప్పుడు ఒక చిన్న డబ్బీ చేతిలో పెట్టింది. అందులో ఉన్నది తేనెపట్టు మైనం, నువ్వుల నూనె, అంతే. నాలుగు వంతుల నూనెలో ఒక వంతు మైనం వేసి సన్న సెగ మీద కరిగించి, దించాక గట్టిపడేదాకా కలుపుతూనే ఉండాలి. చేతులు కాస్త తడిగా ఉన్నప్పుడే రాసి, పాత మెత్తటి గుడ్డ చుట్టుకుని పడుకోవాలి. ఇది మడమలకూ పనికొస్తుంది, పెదవులకూ పనికొస్తుంది. మొటిమలున్న మొహానికి మాత్రం రాయకండి, ఇంకా పెరుగుతాయి. ఖాలా ఇంకో మాట కూడా చెప్పింది: "గీ మందు ఒక్కటే సాలదు బేటీ. బూడిదల చెయ్యి పెట్టుడు బంద్ చెయ్యి."

మందు గుర్తుపెట్టుకున్నాను, ఈ మాట మరిచాను. మూడు రోజులు పడుకునే ముందు రాసుకున్నాను, పొద్దున బూడిదతో గిన్నెలు తోమాను. అతుక్కున్న పగులు పొద్దెక్కేసరికి మళ్లీ విచ్చుకునేది. నాలుగో రోజు గిన్నెలు అలాగే వదిలేసి కూర్చున్నాను.

"గిన్నెలు ఎవరు తోముతరు? మీ ఖాలా వచ్చి తోముతదా?" అంది అత్త. ఆమె మోకాళ్లు వంగవు, ఆ సంగతి నాకూ తెలుసు.

"నీ కొడుకు తోముతడు అత్తా."

ఆయన చెంబు కింద పెట్టి, "నేను చప్రాసీనా, గిన్నెలు తోమేటోణ్ణా?" అన్నాడు.

"కచేరీల సాబు చాయ్ కప్పులు కడిగేది నువ్వే గద! గా కప్పులకు పోని ఇజ్జత్ ఇంట్ల గిన్నెకు పోతదా?"

ఆ రోజు అన్నం వండే గిన్నె లేక ఆయన సద్ది లేకుండా ఉత్త చేతులతో కచేరీకి పోయాడు. మర్నాడు పొద్దున తలకు తువ్వాలు చుట్టుకుని వాకిట్లో నీళ్ల నల్లా దగ్గర కూర్చున్నాడు. వాకిలంతా తలుపుల్లోంచి చూసింది.

"ఏందన్నా, కొత్త కొలువు దొరికిందా?" అని ఎదురింటామె.

"మా ఇంట్ల గూడ రెండు గంజులు ఉన్నయ్, తెమ్మంటవా?" అని ఇంకొకామె.

"తేండ్రి, తేండ్రి. గీ నల్లా కాడ్నే నా నౌకరీ" అన్నాడాయన పళ్లు కొరుకుతూ.

తొమ్మిదో రోజు ఖాలా పట్టుముక్క చాపింది. గల్లీ చివరావిడ అప్పటికే వచ్చి గోడకానుకుని కూర్చుంది. నేను అరచేయి జరిపాను. జారింది. బొటనవేలి మొదట్లో ఒక్కచోట కొంచెం ఆగింది. ఖాలా గుడ్డను వెలుతురుకు ఎత్తి చూసింది. పోగు లేవలేదు.

"కూసో. గా బొటనేలు ముడుసుకొని కుట్టు" అంది.

గల్లీ చివరావిడ లేచి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె మొహం వైపు చూడలేకపోయాను. కానీ చోటు మాత్రం వదలలేదు.

చలికాలం పోయేదాకా గిన్నెలు ఆయనవే అయ్యాయి. పదిహేను రోజులకు ఆయన చేతులూ పగిలాయి.

"మస్తు మండుతున్నయే. గా డబ్బీ ఇటియ్యి."

"రాస్కుంటే సాలదు. తోమినంక నీళ్లల్లకెల్లి తీసి ఎంటనే తుడుస్కో, గప్పుడు రాస్కో."

ఆయన తుడుచుకోడు. తడి చేతులు గాలికి ఆరేస్తాడు, మళ్లీ మండుతున్నాయంటాడు. ఎన్నిసార్లు చెప్పాలి మనిషికి? చివరికి రోజూ నేనే తువ్వాలు పట్టుకుని నల్లా దగ్గర నిలబడాల్సి వచ్చింది.