పదహారో ఛానెల్

రేవులో అందరూ రేడియో అత్త అని పిలిచే ఆవిడ వేటపడవ నడుపుతుంది. ఒడ్డుకు రాగానే చేపల జోలికి పోదు. ముందు ఇరవై ఏళ్లనాటి తన చేతి రేడియోను మంచినీళ్లతో కడిగి, బ్యాటరీ ఊడదీసి, ఉప్పు పేరుకున్న రేకులను పాత చీరముక్కతో రుద్దుతుంది. ఒక ఉదయం వేటకు బయలుదేరుతుంటే తనిఖీ అధికారి దాన్ని చూసి నవ్వాడు. “మ్యూజియంలో పెట్టాల్సింది కదమ్మా! పదహారో ఛానెల్లో ఒక్క హలో చెప్పండి. పలికితేనే పడవ కదిలేది.”

“పదహారంటే మునిగిపోయేవాళ్లు కేకేసే ఛానెల్ బాబూ. ఉత్తుత్తి హలోలకి దాన్ని వాడను.”

“అయితే పర్మిషన్ లేదు.”

“లేకపోతే మానె. ఈ పూట వేట పోతుంది, అంతేగా!”

విప్పిన తాడు మళ్లీ కట్టేసి, అతనికి ఎదురుగానే పడవ అంచున కూర్చుంది. తక్కిన పడవలు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. “ఒక్క మాటేగా అత్తా, అనేయరాదూ!” అని పక్క పడవవాడు అరిచాడు. “నీ పడవకి చిల్లు పడ్డ రోజున ఇలాంటి ఒక్క మాటే నీ కేకకి అడ్డమొస్తుంది. పోరా!” అంది. అధికారి కాగితాలు అటూ ఇటూ తిరగేసి, చివరికి గొంతు తగ్గించి, “మరి ఏ ఛానెల్లో చూపిస్తారు?” అన్నాడు.

“పన్నెండు. రేవు కంట్రోల్ రూముది. ఆ మాట ముందే అడగొచ్చుగా!” అంటూ మీట నొక్కి పిలిచింది. స్పష్టంగా వినిపిస్తోందన్న జవాబు పూర్తయ్యేలోపే ఆవిడ తాడు విప్పేసింది.