కరుణ పిన్ని ఇంట్లో ఆదివారం భోజనం

మా చిన్నప్పుడు... ఆదివారం ఉదయం తాతయ్య తెల్లచొక్కా వేసుకుని, "మోకాళ్ళ డాక్టరు దగ్గరికి ఏలూరు వెళ్ళొస్తానే" అని నాయనమ్మకి చెప్పి, నన్ను వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం స్టేషన్‌కి బయల్దేరేవారు. ఆదివారం పూట ఏ డాక్టరు ఉంటాడని నాయనమ్మ అడిగేది కాదు. నేనూ నోరు విప్పేదాన్ని కాదు...

మేం వెళ్ళేది ఏలూరు పక్కనే వట్లూరులో మా బాబాయి అద్దెకున్న ఇంటికి.

బాబాయి అక్కడ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. అదే కాలేజీ లైబ్రరీలో పనిచేసే కరుణగారిని ఇష్టపడ్డాడు. ఆవిడ వాళ్ళు క్రైస్తవులు, నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు. వరి పొలాలూ పెద్ద లోగిలీ ఉన్న మా ఇంట్లో ఆ మాట చెప్పగానే పొయ్యి వెలగలేదు. ఇద్దరూ రిజిస్టర్ పెళ్ళి చేసుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడితే, నాయనమ్మ లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది. "వాళ్ళ గడప నేను తొక్కను" అని తాతయ్య అందరి ముందూ అన్నారు.

ఆ మాట ఎన్నాళ్ళో నిలవలేదు లెండి... ఒకసారి నిజంగానే మోకాళ్ళ నొప్పికి మందు కోసం ఏలూరు వెళ్ళాం. బస్టాండులో బాబాయి ఎదురుపడి, బతిమాలి ఇంటికి తీసుకెళ్ళాడు. తాతయ్య లోపలికి రాలేదు. వసారాలో పీట వేయించుకున్నారు. కొల్లేటికోటలో ఉన్న తన మేనమామ పంపిన కొరమేనుతో పిన్ని దాకలో పులుసు పెట్టింది. రెండు ముద్దలు తిన్నారో లేదో, వాన మొదలైంది. జల్లు వసారాలోకి కొట్టింది. తాతయ్య ఆకాశం వంక చూశారు... కంచం వంక చూశారు... కంచం చేత్తో పట్టుకుని గబగబా లోపలికి వచ్చేశారు.

"పులుసులో వాన పడుతోందమ్మా" అన్నారు, ఎవరూ అడక్కపోయినా.

పిన్ని నవ్వు ఆపుకుంటూ, "ఇంకో ముక్క వేయమంటారా మావయ్యగారండీ?" అంది.

అప్పటినుంచీ వీలైన ప్రతి ఆదివారం తాతయ్యకి మోకాళ్ళు నొప్పి పెట్టేవి. పిన్ని చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా కొంగు దోపి వంటింట్లోకి వెళ్ళేది. నాకు తల దువ్వి జడ వేసేది. మా ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో, నాయనమ్మ పెరట్లో ఏ పూలు వేసిందో అడిగేది. వినేటప్పుడు ఆ కళ్ళు చూడాలి...

ఒకరోజు సాయంత్రం ఇంటికి రాగానే నాయనమ్మ తాతయ్యకి మంచినీళ్ళిచ్చి, "ఏవండీ, మోకాళ్ళకి మందు రాస్తే మీసాలకి చేపల వాసన వస్తుందా?" అంది. తాతయ్య పొలమారి దగ్గారు. పై ఆదివారం నాయనమ్మే "డాక్టరు దగ్గరికి వెళ్ళరా?" అని అడిగింది. ఈ సంగతి చెబితే పిన్ని వంటింట్లో గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చింది. సంతోషంతోనే.

ఇంతలో మా అత్తకి, అంటే బాబాయి చెల్లెలికి, పెళ్ళి కుదిరింది.

పిన్ని ముందే చీరకి జాకెట్టు కుట్టించుకుంది. పెళ్ళికి నాకు పూలజడ తనే వేస్తానంది. ఆ ఆదివారం తాతయ్య మామూలుగానే వచ్చారు, మామూలుగానే తిన్నారు. అన్నం చివరికొచ్చాక తలెత్తకుండా అన్నారు...

"అమ్మా, పెళ్ళికి మీరిద్దరూ రావద్దు. మగపెళ్ళివారు పట్టింపు మనుషులు. కోడలు ఎవరని అడిగితే చెప్పలేను."

బాబాయి కంచం ముందు నుంచి లేవబోయాడు. పిన్ని అతని భుజం మీద చెయ్యి వేసింది. "కూర్చోండి. మావయ్యగారు భోంచేస్తున్నారు."

తర్వాత తాతయ్య వైపు తిరిగి, "అలాగేనండి. పెరుగు వేయమంటారా?" అంది.

తాతయ్య వేయించుకున్నారు. తిన్నారు కూడా...

పెళ్ళిలో "మీ రెండో అబ్బాయి కనబడడేంటండీ?" అని ఎవరో అడిగితే, "కాలేజీలో పరీక్షలండీ" అంది నాయనమ్మ. నాకు పూలజడ ఇంకెవరో వేశారు. ఆ తర్వాతి ఆదివారం తాతయ్య చొక్కా వేసుకుని వసారాలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా కూర్చుని, చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించారు. మళ్ళీ వట్లూరు వెళ్ళలేదు.

బాబాయికి కూతురు పుట్టాక నాయనమ్మ మనసు కరిగింది. తనే ఫోన్ చేసి రమ్మంది. "వీలు చూసుకుని వస్తామండి అత్తయ్యగారూ" అనేది పిన్ని, ఎంతో మర్యాదగా. పిలిచిన ప్రతిసారీ అదే మాట... పాపని బాబాయి ఒక్కడే తీసుకొచ్చి చూపించేవాడు. తాతయ్య పోయినప్పుడూ బాబాయి ఒక్కడే వచ్చాడు.

ఏలూరులో చదువుకునే రోజుల్లో ఒకసారి పిన్నిని అడిగేశాను, "ఇంకా కోపమేనా పిన్నీ?" అని.

ఉతికిన బట్టలు మడత పెడుతోంది. "కోపమైతే ఎప్పుడో పోయేదమ్మా. మీ ఇంటికి రావాలని ఎంత ఆశగా ఉండేదో నాకు... ఆ ఆశే పోయింది. ఎంత వెతుక్కున్నా మళ్ళీ రావట్లేదు" అంది.

నాయనమ్మ చివరి దాకా ఎదురుచూసింది. పిన్ని రాలేదు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో పిల్లలు ఎవర్ని చేసుకుంటామన్నా, పెద్దవాళ్ళు ఉదయం అలిగి సాయంత్రానికి ఫంక్షన్ హాలు వెతుకుతున్నారు. మంచిదే... చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది. మా పిన్నికి మాత్రం ఈ రోజులు చాలా ఆలస్యంగా వచ్చాయి.

మీ ఇంటి ఫొటోల్లో కూడా ఉండాల్సిన మనిషి ఎవరైనా లేకుండా పోయారా? ఉంటే వాళ్ళ గురించి ఇక్కడ నాలుగు మాటలు రాయండి... ఇక్కడైనా వాళ్ళని మనలో కలుపుకుందాం.