మూడు నిమిషాల మౌత్‌వాష్

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా వాష్‌బేసిన్ మీద రంగురంగుల సీసాలు కనిపిస్తున్నాయి గానీ, ఆ రోజుల్లో సిద్దిపేటలో మా వీధి మొత్తానికీ నోటి శుభ్రత అంటే వేపపుల్లో, పేస్టో, ఆ వెంటనే చాయ్. అలాంటి వీధిలోకి మౌత్‌వాష్ తెచ్చిన ఘనత నాది. డిగ్రీ ఆఖరి పరీక్షలు అవగానే పన్ను పుచ్చి దవాఖానకు వెళ్తే, డాక్టరమ్మ దాన్ని బాగుచేసి, రోజూ పొద్దున బ్రష్ చేశాక ఒక మూతెడు పోసుకుని ముప్పై సెకన్లు పుక్కిలించి ఉమ్మేయమంది. మింగొద్దని రెండుసార్లు చెప్పింది (నా ముఖం చూస్తే మింగేవాడిలా అనిపించి ఉంటుంది). మొదటి వారం బుద్ధిగా మనసులో ముప్పై అంకెలు లెక్కపెట్టి ఉమ్మేశాను. రెండో వారం ఫలితాలు వచ్చాయి. ఎకనామిక్స్ పోయింది.

ఇంట్లో చెప్పలేదు. మా బాపు దర్జీ. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ కొడుకు డిగ్రీ గురించి కొలతలకంటే ముందే చెప్పుకున్నాడు. పైగా గజ్వేల్‌లో తన పాత దోస్తు నడిపే విత్తనాల దుకాణంలో నాకు కొలువు మాట్లాడి పెట్టాడు. సోమవారం మార్కుల మెమో పట్టుకుని ఇద్దరం వెళ్లాలి. అది లేకుండా వెళ్తే ఆ దోస్తు ముందు తల దించుకోవాల్సింది ఆయనే. అది తలుచుకుంటే నాకు నోరు పెగిలేది కాదు. నేను బాపుకు చిక్కే చోటు ఒక్కటే, పొద్దున పెరట్లో నల్లా దగ్గర. “మెమో అచ్చిందారా?” అంటూ ఆయన రావడం, నేను గబుక్కున మూతెడు పోసుకోవడం. బుగ్గలు పొంగించి, సీసా చూపించి, ఆగమని వేలెత్తేవాడిని. డాక్టరమ్మ ఆజ్ఞ మరి. ముప్పై సెకన్లు కాస్తా మూడు నిమిషాలయ్యాయి. ఈలోపు దుకాణం తెరిచే వేళై ఆయన వెళ్లిపోయేవాడు. నాలుక మొద్దుబారి, అమ్మ చేసిన పచ్చిపులుసులో ఉప్పుందో లేదో కూడా తెలిసేది కాదు.

“గా పచ్చనీళ్లేంది బిడ్డా, గంతసేపు నోట్లనే పెట్టుకుంటున్నవ్?” అని అమ్మ అడిగింది.

“పండ్లు గట్టిపడతయమ్మా” అన్నాను. అబద్ధాలు అప్పటికి బాగానే సాగుతున్నాయి.

శనివారం పొద్దున నేను నోరు నింపుకునేసరికి బాపు వచ్చాడు. ప్రశ్న అడగలేదు. నా చేతిలోని సీసా తీసుకుని వాసన చూశాడు. “నా పండ్లేం పాపం జేసినయ్‌రా?” అని రెండు మూతలు తన నోట్లో పోసుకుని నా ఎదురుగా నిలబడ్డాడు.

ఇక్కడ బాపు గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. దుకాణంలో ఉన్నంతసేపూ ఆయన బుగ్గలో జర్దా పాన్ ఉండేది. ఉమ్మడానికి మాటిమాటికీ మిషన్ మీది నుంచి లేవడం బద్ధకమై, తలూపుతూనే కొలతలు తీసుకునేవాడు, కనుబొమలతోనే గిరాకీలకు మాట ఇచ్చేవాడు. అలాంటి నోటితో నాకు పోటీ పడింది. నిమిషం గడిచింది. రెండయ్యాయి. నా కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన మాత్రం గోడకు చేరగిలబడి, జామచెట్టు మీద ఉడతను చూస్తున్నాడు. చివరికి నేనే ఓడిపోయి భళ్లున ఉమ్మేశాను. బాపు ఉమ్మలేదు. నోరు అలాగే మూసుకుని, ఇక చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

చెప్పేశాను. ఎకనామిక్స్ పోయిందనీ, మెమో అడుగుతావని భయపడ్డాననీ, ఈ పుక్కిలింతలన్నీ దొంగవేషాలేననీ మొత్తం కక్కేశాను. ఆయన ముక్కుపుటాలు రెండుసార్లు అదిరాయి గానీ, తిట్టడానికి నోరు ఖాళీ లేదు. నేను ఆపాక తీరిగ్గా ఉమ్మి, తువ్వాలతో మీసం తుడుచుకున్నాడు.

“గదొక్కటేనా పోయింది?”

“ఒక్కటే బాపూ.”

“మల్ల రాయి. గజ్వేల్‌కు నిన్ననే ఫోన్ జేసి జెప్పిన, జర ఆగుమని.”

నీకెట్ల తెలిసిందని అడిగాను. నా స్నేహితుడొకడు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి దుకాణానికి వెళ్లి, మాటల్లో అంతా చెప్పేశాడట. అప్పటికే వారమైంది.

“తెలిసి గూడ నన్నెందుకు అడగలే?”

“రోజూ అడుగుతనే ఉన్న గదరా” అన్నాడు బాపు, దుకాణం తాళాలు తీసుకుంటూ.

ఆ తర్వాత రాశాను, గట్టెక్కాను. మౌత్‌వాష్ అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు సరిగ్గా ముప్పై సెకన్లే. ఎక్కువసేపు పుక్కిలించినా ఎందుకని అడిగేవారు లేరు. ఒక్కోసారి అద్దంలో నా పొంగిన బుగ్గలు చూసుకుంటే నల్లా దగ్గరి ఆనాటి దొంగవెధవ గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడి మీద కొంచెం అసూయ కూడా. వాడు నోరు విప్పేదాకా తన నోరు మూసుకుని నిలబడే మనిషి వాడికి ఎదురుగా ఉండేవాడు.